మూసిన కిటికీ ఎవరి సొత్తు

ఈ ఊరి చుట్టూ గోడ కట్టింది శత్రువుల కోసం. శత్రువులు రావడం మానేసి కొన్ని వందల ఏళ్ళయింది. గోడ మాత్రం ఉంది, గోడ లోపల కొట్లాటకు అలవాటుపడ్డ జనమూ ఉన్నారు. బయటినుంచి ఎవరూ రాకపోతే పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఒకళ్ళమీద ఒకళ్ళు కాలు దువ్వడం మొదలుపెట్టారు. గడియారాలు బాగుచేసేవాడికి పక్కనున్న కళ్ళజోళ్ళ కొట్టువాడంటే పడదు. లాడ్జీ యజమానికి ఎదుటి లాడ్జీ యజమాని మొహం కనపడితే ఆ పూట తిండి సయించదు. పటాలకు ఫ్రేములు కట్టేవాళ్ళంతా ఒకే సందులో ఉంటారు, అందులో ఒకడు దగ్గితే మిగతావాళ్ళు తమనే ఏదో అన్నాడని గుడ్లురుముతారు. చూడవచ్చే జనానికి ఇవేమీ తెలియవు. వాళ్ళు కోట చూసి, బజార్లో నాలుగు పటాలు కొనుక్కుని, ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ ఊరు అని మెచ్చుకుని బస్సెక్కుతారు.

అందరిలోకీ గైడ్లు మరీను. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కోటలో కొలతలు అందరివీ. బురుజు ఎత్తు, ఫిరంగి బరువు, బావి లోతు, ఇవి ఎవరైనా చెప్పచ్చు. నిజంగా జరిగినవి కూడా అందరివే. కానీ కథ మాత్రం అల్లినవాడిది, వాడి తర్వాత వాడి ఇంటివాళ్ళది. బావి దగ్గరికి జనాన్ని ఎవరు తీసుకొచ్చినా సరే, లోతు చెప్పి నోరు మూసుకోవాలి. రాజుగారి పెట్టె అందులో పడిపోయిన వైనం బావి గైడే వచ్చి చెప్పాలి. ఎవరిని చూస్తే ఒళ్ళు మండుతుందో వాళ్ళకే తన జనాన్ని అప్పగించి పక్కన చేతులు కట్టుకుని నిలబడాలన్నమాట. రోజంతా ఇలా అప్పగింతలు జరుగుతుంటే పగలు పెరగక ఏం చేస్తాయి? కథ ఉన్నవాళ్ళకు కథ పేరే పేరు. ఫిరంగి తాత, బావి, గుర్రం, మెట్లు. కథ లేక కొలతలతో కాలక్షేపం చేసేవాళ్ళను టేపులంటారు. ఈ ఊళ్ళో టేపు అంటే తిట్టే.

బయటమ్మ మొగుడు మొదట్లో టేపే.

బయటమ్మ అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. గోడ అవతలి పేటలో పుట్టింది. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు చుట్టుపక్కలవాళ్ళను పిలిచి "ఇదిగో, మా బయటి పిల్ల" అని చూపించింది. అప్పటినుంచి అదే పేరు. యాభై దాటినా, జుట్టు సగం నెరిసినా, గోడ లోపలి సందుల్లో కళ్ళు మూసుకుని నడవగలిగినా బయటమ్మ బయటమ్మే. ఆమె పుట్టిన పేట కోట బురుజు మీంచి కనిపిస్తుంది, గట్టిగా పిలిస్తే పలుకుతారు కూడా. ఈ ఊరివాళ్ళకు అదంతా పరాయి దేశం.

మామగారు పేరున్న గైడు. కోటలోని వంకర మెట్ల కథ ఆయనదే. ఆ కథ ఆయన చిన్న కొడుక్కిచ్చాడు, ఎందుకంటే చిన్నవాడు ముద్దు. పెద్దవాడికి టేపు మిగిలింది. ఆ పెద్దవాడే బయటమ్మ మొగుడు. పాపం నెమ్మదైనవాడు, ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు, ఇంటికొచ్చాక మాత్రం కంచం ముందు కూర్చుని కుమిలిపోయేవాడు. అలా ఒక మధ్యాహ్నం కుమిలిపోతున్నప్పుడు, వంటగది గోడకు ఆనుకుని నిలబడ్డ బయటమ్మ ఒక సంగతి చెప్పింది. ఆయన తినడం ఆపి విన్నాడు. చెయ్యి కడుక్కుని మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. మర్నాడు కోటకు వెళ్ళి దాన్నే చెప్పాడు.

మహలు మేడమీద పడమటి గది ఉంది. దాని గోడకు వరసగా కిటికీలు, వాటిలో ఒకటి ఇటుకలతో మూసేసి ఉంటుంది. ఎందుకు మూశారో ఎవరికీ తెలియదు, ఎవరూ పట్టించుకోలేదు కూడా. ఆయన జనాన్ని అక్కడ నిలబెట్టి చెప్పాడు: దూరదేశంనుంచి ఈ మహలుకు ఒక కొత్త కోడలొచ్చింది. సాయంత్రమైతే ఈ కిటికీలో నిలబడి పుట్టింటి దారి చూసుకునేది. రాజమాతకు అది కంటగింపయింది. కోడలు ఊళ్ళో లేనప్పుడు కిటికీ మూయించేసింది. ఆ పిల్ల తిరిగొచ్చి, ఏడవలేదు, అడగలేదు. రోజూ అదే వేళకు వచ్చి ఇటుకల మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. ఆ చెయ్యి వేడి ఇప్పటికీ పోలేదు, కావాలంటే మీరే చూడండి. జనం చెయ్యి పెట్టి చూస్తే ఇటుకలు నిజంగానే వెచ్చగా ఉన్నాయి. పడమటి ఎండ పడుతుంది, అక్కడ గోడ ఒక ఇటుక మందమే. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ నెల తిరక్కుండా టేపు కాస్తా కిటికీ అయ్యాడు.

కథ ఎవరిదని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. పెళ్ళాం చెప్పిందని ఒక్కరోజూ అనలేదు. బయటమ్మ కూడా ఎవరితోనూ అనలేదు, ఇద్దరిలో ఎవరిదైతేనేం అనుకుంది. ఇల్లు గడిచింది, ఊళ్ళో ఆయనకు మర్యాద దక్కింది. పిల్లల్లేరన్న లోటు తప్ప కాపురానికి వంక పెట్టడానికి లేదు.

ఆయన కిందటేడు పోయాడు. పోయినవాడి చోటును ఏడాదిపాటు ఇంటివాళ్ళకు వదిలెయ్యడం గైడ్లలో ఉన్న ఒకే ఒక్క మంచి అలవాటు. బయటమ్మ కోటకు వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ఆడమనిషి గైడేమిటని గుర్రం ఉమ్మేసి వెళ్ళాడు. బావి తన జనాన్ని అప్పగించేటప్పుడు మొహం అటు తిప్పుకునేవాడు. ఆమె ఇవేవీ లెక్కచెయ్యలేదు. నోరు విప్పి ఆ కథ చెబుతుంటే, జీవితంలో మొదటిసారి తన వస్తువు తన చేతికొచ్చినట్టు అనిపించింది ఆమెకు. ఆ ఏడాదిలో ఆమె నడక కూడా మారింది. ఇప్పుడు ఆ ఏడాది అయిపోయింది. కిటికీ ఎవరికి చెందాలో గైడ్ల సంఘం తేల్చాలి. ఆమెకు దక్కకపోతే మిగిలేది టేపు, అదీ ఆడటేపు. అలాంటిదాని వెనక ఈ ఊళ్ళో ఎవరు నడుస్తారు?

సంఘానికి సెక్రటరీ ఆమె మరిదే, అదే మెట్ల గైడు.

కోటకు సెలవైన రోజున, మధ్యాహ్నం, సింహద్వారం పక్కన ఒకప్పుడు కాపలావాళ్ళుండే గదిలో సమావేశం పెట్టారు. రాతి అరుగుల మీద ఎవరికి పడనివాళ్ళకు వాళ్ళు దూరంగా కూర్చోవడంతో గదినిండా జనమున్నా గది ఖాళీగానే కనిపించింది. మధ్యలో ఫిరంగి తాత. అందరికంటే పెద్దవాడు, చెప్పింది ఎవరూ వినకపోయినా చివరిమాట ఆయనదే. పక్కన సెక్రటరీ, ఇస్త్రీ చొక్కా, చేతిలో టీ గ్లాసు.

"విషయం అందరికీ తెలిసిందే," అని మొదలుపెట్టాడు సెక్రటరీ. "కిటికీ కథ మా నాన్న అల్లింది. మెట్లు నాకిచ్చాడు, కిటికీ అన్నయ్యకిచ్చాడు. అన్నయ్య పోయాడు. ఏడాదిపాటు వదిన చెప్పుకుంది, మేమెవరం అడ్డం రాలేదు. ఇంక అది ఇంటి వారసుడికి రావాలి. వాళ్ళకెలాగూ లేరు, మావాడున్నాడు."

"మీ నాన్న ఆ కథ చెప్తుంటే నువ్వెప్పుడైనా విన్నావా?" అంది బయటమ్మ.

"ఇంట్లో చెప్పేవాడు."

"ఆ ఇంట్లో నేనూ ఉన్నాను కదయ్యా. మామగారు ఎప్పుడూ మెట్ల గురించే చెప్పేవారు. అదీ సగంలో మర్చిపోయి అత్తగార్ని అడిగేవారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీ చెవులు ఎర్రబడ్డాయి.

"మామగారు అల్లలేదు, మా ఆయనా అల్లలేదు," అంది ఆమె. "అది నేను చెప్పింది. నేను చెప్తే ఆయన కోటకు తీసుకెళ్ళాడు."

గుర్రం గొంతు సవరించుకుని, "పొద్దుణ్ణుంచి ఏమైనా తిన్నావా బయటమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకళ్ళంటే ఒకళ్ళకు పడని ఆ జనం కలిసి నవ్వడానికి ఆమె కావాల్సి వచ్చింది.

నవ్వు ఆగేదాకా ఆగి ఆమె చెప్పింది. కొత్తకాపురంలో వంటగదికి పడమటి వైపు కిటికీ ఉండేది. సందులోకి తెరుచుకునేది, అందులోంచి చూస్తే గోడ అవతలి పేట మిద్దెలు కనిపించేవి. పని అయ్యాక అక్కడ నిలబడేది. కోడలు సందులోకి తొంగిచూస్తోందని అత్తగారికి గిట్టలేదు. పుట్టింటికి వెళ్ళి రెండు రోజులుండి వచ్చేసరికి కిటికీ లేదు, అక్కడ ఇటుకలున్నాయి. సాయంత్రం పూట ఆ ఇటుకలు వెచ్చగా ఉండేవి. "మహల్లో ఇటుకలు వెచ్చగా ఉంటాయని నాకెలా తెలుసనుకున్నారు? నేనప్పటికి కోటలో అడుగైనా పెట్టలేదు. కావాలంటే మా వంటగది చూసుకోండి. ఇప్పుడది మరిది వాటాలోనే ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫిరంగి తాత గడ్డం గోక్కున్నాడు. ఆమె చెప్పింది అబద్ధమైతే ఇంత సొంపుగా ఉండదని ఆ గదిలో అందరికీ అర్థమైంది, అందరూ కథలల్లి బతికేవాళ్ళే. కిటికీ ఆమెకే వెళ్ళిపోయేలా ఉంది.

అప్పుడు బావి లేచాడు. ఆ మనిషి లేచాడంటే ఎవరికో ఒకరికి మూడినట్టే.

"నాకో అనుమానం తాతా," అన్నాడు మెల్లగా. "అసలది అల్లిన కథేనా అని. మనం కథ అంటున్నాం గానీ, అది నిజంగా జరిగిందే అయితే? కిటికీ ఉంది, మూసుంది, వెచ్చగా ఉంది. అన్నీ సరిపోతున్నాయి. బయటమ్మ వంటింట్లో కూర్చుని రాణుల గురించి అల్లిందంటే ఎవరు నమ్ముతారు? ఎక్కడో విన్న నిజమే చెప్పుంటుంది."

ఒక్కొక్కళ్ళ మొహాలూ వెలిగాయి. నిజమైతే అందరిదీ. కోటలో అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించే చోటు రేపట్నుంచి అందరిదీ. గుర్రం వెంటనే తల ఊపాడు. మూల కూర్చున్న టేపులు వెన్ను నిటారు చేశారు.

సెక్రటరీకి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. నిజమని ఒప్పుకుంటే కొడుక్కి రాదు. కథని పట్టుబడితే వదినకు పోతుంది. ఇంకో ఊరివాడైతే ఇక్కడ ఆగి, సరే వదినా, నువ్వున్నన్నాళ్ళు చెప్పుకో, తర్వాత మావాడికివ్వు అని సర్దుకునేవాడు. ఈ ఊరివాడికి ఆ ఆలోచన రాదు. తనకు రాకపోయినా సరే, ఆమెకు దక్కకూడదు. అందరికంటే ముందు చెయ్యెత్తింది అతనే.

"నిజమే," అన్నాడు. "మా తాత వాళ్ళ తాత మహల్లో పనిచేశాడు. ఆయన కళ్ళారా చూశాడు."

చేతులు లేచాయి. ఫిరంగి తాత లెక్కపెట్టినట్టు వేలు తిప్పాడు. ఎత్తనిది ఆమె చెయ్యి ఒక్కటే.

"ఏం వదినా, ఆ మహలు కోడలు అసలు లేనేలేదంటారా?" అన్నాడు సెక్రటరీ. అందరి ముందూ వెటకారానికి బహువచనం వాడాడు.

"ఉంది. మీ ఎదురుగానే ఉంది. మీరు ఓటేసింది నా మీదే," అంది బయటమ్మ. లేచి వచ్చేసింది. సింహద్వారం దాటేదాకా వెనక నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

మర్నాటినుంచి పడమటి గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక మూల ఒక గైడు, మరో మూల ఇంకొకడు, అదే కోడలి గురించి ఒకరిని మించి ఒకరు గొంతు చించుకోవడం. నిజానికి చిలవలు పలవలు వచ్చాయి. గుర్రం లెక్కలో ఆ పిల్ల కిటికీలోంచి దూకబోయింది. బావి లెక్కలో ఇటుకల వెనక నగలున్నాయి. టేపులైతే ఆమెను దెయ్యం చేసేశారు. బయటమ్మ తన జనంతో వచ్చినా గుమ్మంలోనే ఆగిపోవలసి వచ్చేది. కొన్నాళ్ళకు ఆ జనం కూడా పలచబడ్డారు. ఒకరోజు కోట ఆవరణలో ఎవరో వెనకనుంచి "ఆడటేపు" అన్నారు, ఆమె తిరిగి చూసేసరికి అందరూ ఆకాశం చూస్తున్నారు.

ఇవన్నీ ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది మరిది చెప్పే పద్ధతి. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి అతను చెప్పేది మొత్తం వింది. అతని లెక్కలో ఆ కోడలు కిటికీలో నిలబడి కింద కాపలా కాసేవాడికి సైగలు చేసేది. రాజమాత తెలివైనది, ఇంటి పరువు కాపాడింది. "అత్తగారంటే అలా ఉండాలి," అని అతను కన్ను గీటాడు. జనం పగలబడి నవ్వారు. ఒక పెద్దావిడైతే పక్కనున్న తన కోడలి భుజం తట్టి మరీ నవ్వింది. నవ్వుతూనే వంతులవారీగా ఇటుకల మీద చేతులు పెట్టి చూశారు.

బయటమ్మకు తల తీసేసినట్టయింది. ఈ వయసులో, ఇంతమందిలో, తననే నిలబెట్టి నవ్వుతున్నట్టుంది. ఆమె వెంట ఆ రోజు ఉన్నది నలుగురే, ఎక్కడినుంచో వచ్చిన ఒక కుటుంబం. వాళ్ళవైపు తిరిగింది.

"ఈ కిటికీ ఎవరు మూశారో, ఎందుకు మూశారో నిజానికి ఎవరికీ తెలీదండి," అంది. "ఎవరు మూయించారో, ఎవరికోసం మూయించారో తెలిసిన కిటికీ ఒకటుంది. చూస్తానంటే చూపిస్తాను, పది నిమిషాల నడక."

వాళ్ళు చూస్తామన్నారు. ఆమె వాళ్ళను సింహద్వారం దాటించి, గడియారాల కొట్ల ముందునుంచి, ఫ్రేముల సందులోంచి, రెండు లాడ్జీల మధ్యనుంచి తన ఇంటి వెనక సందులోకి తీసుకెళ్ళింది. అత్తగారు పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. మేడ పెద్దవాడికి, కింది భాగం, వంటగదితో సహా, చిన్నవాడికి. ఆ పంపకం రోజునుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. సందులోంచి చూస్తే వంటగది గోడ కనిపిస్తుంది. పాత గోడ మధ్యలో కిటికీ అంత మేర ఇటుకలు వేరే రంగులో, వంకరగా ఉంటాయి. పని తెలిసినవాడు పేర్చిన ఇటుకలు కావని చూడగానే తెలుస్తుంది. బయటమ్మ అక్కడ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తగారిని అత్తగారనే అంది. రాణి లేదు, మహలు లేదు. వాళ్ళలో ఇల్లాలు ఆ ఇటుకలవైపు చాలాసేపు చూసింది.

ఆ కుటుంబంవాళ్ళు తాము దిగిన లాడ్జీలో ఈ సంగతి చెప్పారు. లాడ్జీ యజమాని, ఎదుటి లాడ్జీవాడికి సెక్రటరీతో స్నేహమన్న ఒక్క కారణానికి, దిగినవాళ్ళందరికీ ఆ సందు చూసి రమ్మని చెప్పడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా బావి తన జనాన్ని వెంటేసుకుని సందులోకొచ్చాడు. వెనకే గుర్రం. నిజం కదా, అందరిదీ. పొద్దున్నే సెక్రటరీ పళ్ళు తోముకుంటుంటే, అతని గోడ ముందు పాతికమంది నిలబడి మెడలు నిక్కించి చూస్తున్నారు.

అతను ఒంటికాలి మీద ఫిరంగి తాత దగ్గరికి వెళ్ళాడు. "అది నా ఇల్లు తాతా. నా ఇంట్లో సంగతి."

"అబద్ధమా?" అన్నాడు తాత.

"అబద్ధమే."

"అయితే మీ వదిన అల్లింది. అల్లింది గనక అది ఆమె ఒక్కదానిదే. ఆమె ఉన్నన్నాళ్ళూ మీ గోడ ముందు నిలబడి చెప్పుకుంటుంది. సంఘం కాపలా కూడా ఉంటుంది."

"పోనీ నిజమే అనుకో."

"నిజమైతే అందరం చెప్తాం," అన్నాడు తాత ఫిరంగి మీద చెయ్యేసి. ఆయనకు ఆ పూట ఎందుకో చాలా హుషారుగా ఉంది.

మింగలేక కక్కలేక సెక్రటరీ ఇంటికొచ్చాడు. సందులో అప్పుడు బయటమ్మే చెబుతోంది. చుట్టూ మంచి జనం, వెనక వంతుకోసం బావీ గుర్రమూ వాళ్ళ వాళ్ళ జనంతో నిలబడ్డారు. అతను జనాన్ని తోసుకుంటూ వచ్చి గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

"సిగ్గులేదా వదినా? చచ్చిపోయిన మా అమ్మను బజారుకీడుస్తావా?"

"మహల్లో నన్ను ఈడ్చినప్పుడు నీకుందా సిగ్గు?"

"మేడ మీద హాయిగా ఉన్నావు. ఇంకా ఏం కావాలి నీకు?"

"నా కిటికీ కావాలి."

జనం ఇదంతా ఆటలో భాగమనుకుని ఇంకాస్త దగ్గరికి జరిగారు. సెక్రటరీ నోటికొచ్చింది అన్నాడు. ఆమె దేనికీ బాకీ ఉంచుకోలేదు. ఇన్నేళ్ళ కసి ఇద్దరి గొంతుల్లోనూ సందు నిండా మోగింది.

అప్పుడు వంటగది తలుపు తెరుచుకుంది. తోడికోడలు, సెక్రటరీ భార్య, గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంది. ఆవిడంటే సందులో అందరికీ హడలే. ఆవిడ నోటికి దొరికితే ఉతికి ఆరేస్తుందని పేరు. బయటమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, ఇంక ఈ రెండో కొట్లాటకు కూడా సిద్ధపడింది.

ఆవిడ బయటమ్మవైపు చూడలేదు. జనంవైపు చూసింది. "బయట నిలబడితే మీకేం తెలుస్తుందండీ? లోపలికి రండి," అంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు సెక్రటరీ.

"అడ్డం లే," అంది ఆవిడ.

జనం ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు. ఎండ మండిపోయే వేళ కూడా ఆ గదిలో దీపం వెలుగుతోంది. పొగ పట్టిన పైకప్పు నల్లగా వేలాడుతోంది. పొయ్యి పక్క ఇటుకల మీద సున్నం ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంది, ఎవరో రోజూ చెంప ఆనించిన ఎత్తులో. ఆవిడ దాన్ని చూపించి చెప్పింది. "అక్క ఇక్కడ నాలుగేళ్ళు వండింది. తర్వాత నేనొచ్చాను. అప్పట్నుంచి నేనే. పొద్దున్న వెలిగించిన దీపం పడుకునేముందు ఆర్పుతాను. బయట వానొస్తోందో ఎండ కాస్తోందో ఆయన చొక్కా చూసి తెలుసుకుంటాను. కిటికీ తియ్యించమని అడిగాను, అమ్మ గుర్తు అన్నాడు. పంపకాల్లో అక్కకు మేడొచ్చింది, మూడువైపులా కిటికీలు. ఆ రోజునుంచి నేను ఆవిణ్ణి చూళ్ళేకపోయాను. ఇప్పటికీ చూళ్ళేను."

గుక్క తిప్పుకోకుండా, ఏ హంగూ లేకుండా చెప్పింది. బయటమ్మ జనం వెనక గుమ్మం దగ్గర ఇరుక్కుని వింటోంది. ఎవరో ఆమెను కాస్త జరగండమ్మా, కనపడటం లేదు అన్నారు. ఆమె జరిగింది. ఒళ్ళు భగ్గుమంది. ఇది కూడా పోయిందా అనుకుంది. ఇన్నాళ్ళూ తన ఒక్కదాని సొత్తనుకున్న గోడ దగ్గర తనకంటే ఎన్నో ఏళ్ళు ఎక్కువ నిలబడ్డ మనిషి ఒకతె ఉందని ఆమెకు ఒక్కనాడూ తట్టలేదు. ఆ మనిషి తనకంటే బాగా చెబుతోంది. అదీ కడుపుమంటే.

"సిమెంటు కలిపింది ఈయనే," అని తోడికోడలు మొగుణ్ణి చూపించింది. "పెళ్ళైన కొత్తల్లో గొప్పగా చెప్పుకున్నాడు. నువ్వూ బుద్ధిగా ఉండు అన్నాడు." సెక్రటరీ తల దించుకున్నాడు. అప్పుడు ఆవిడ మొదటిసారి గుమ్మంవైపు, బయటమ్మ కళ్ళలోకి చూసింది. "ఇటుకలు పేర్చింది ఎవరో నువ్వు చెప్పక్కా. సందులో ఇన్నాళ్ళుగా చెప్తున్నావు, అది మాత్రం చెప్పలేదు. నిజమే కదా చెప్తున్నాం."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

బయటమ్మకు ఆ చేతులు గుర్తొచ్చాయి. పుట్టింటినుంచి వచ్చిన ఆ రోజు మొగుడు భోజనానికి కూర్చుంటే, వేళ్ళ గోళ్ళ సందుల్లో సిమెంటు కనిపించింది. ఎంత కడుక్కున్నా పోలేదు. ఆయన చెయ్యి దాచుకోబోయాడు. ఆమె చూడనట్టే వడ్డించింది. అప్పటినుంచి చూడనట్టే ఉండిపోయింది.

"మా ఆయన," అంది.

ఆమె ఆగలేకపోయింది.

"ఆ మధ్యాహ్నం నేను ఆయనకు కథ చెప్పలేదండి. కిటికీ తియ్యమని అడిగాను. నోరు తెరిచి అడగడానికి భయమేసి, ఎవరో ఒక పిల్లకు ఇలా జరిగిందట అని చెప్పాను. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. అర్థమైందనుకున్నాను. మర్నాడు కోటకెళ్ళి జనానికి చెప్పాడు. ఇరవై ఏళ్ళు పైగా చెప్పాడు. ఇటుక మాత్రం ఒక్కటీ కదపలేదు."

గుమ్మం బయట బావి మెడ చాచి, లోపలి మాటలన్నీ విన్నాడు. కాసేపు అటూ ఇటూ కాళ్ళు మార్చి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"బయటమ్మా, ఈ చివరిది కూడా చెప్పచ్చా మేము?"

ఆమె అతన్ని కోపంగా కూడా చూడలేదు.

"నిజమే కదా," అంది. "చెప్పుకోండి."